నా మాట మీద ఆయన చేసిన ప్రమాణం

కాణిపాకం దాటి ఐరాలకు పోయే దారిలో, ఒక మలుపు దగ్గర, కరెంటు స్తంభానికి కట్టిన శ్రద్ధాంజలి ఫ్లెక్సీలో ఆయన కనిపించాడు. మొదట గుర్తుపట్టలేదు. స్టూడియోవాళ్లు ఆయనకు నల్లకోటు తొడిగి ఎర్ర టై కట్టారు. మెడ పైన మనిషి ఆయనే. మెడ కింద ఎవరో బ్యాంకు మేనేజరు. బతికున్నప్పుడు ఆయన భుజం మీద మామిడి సొన మరకల తువ్వాలు తప్ప ఇంకొకటి నేను చూడలేదు. అందుకేనేమో, ఆ బొమ్మలో ఆయన ఎవరినో మందలించబోతున్నట్టు ఉన్నాడు.

కారు పక్కకు ఆపి తేదీ చూశాను. పెద్దదినం కూడా దాటి నెల రోజులయింది. ఆ దారిలో నేను పోయి ఎనిమిదేళ్లు. పని పడక కాదు. పని పడినా మనుషులను పంపి తప్పించుకున్న ఎనిమిదేళ్లు. ఆ రోజు పంపడానికి మనిషి దొరక్క నేనే బయలుదేరాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. నేను పెద్దాయనా అని పిలిచేవాడిని. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఆ పేరుకు నా వల్ల ఒక మచ్చ పడింది. అది ముందు అక్కడ పోవాలి.

తొంభైల చివర నేను చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కొనే ఉద్యోగం చేసేవాడిని. తోతాపురి కాయ మాకు కావాలి. తోటలు ఎవరివో, ఎక్కడున్నాయో, ఏ తోటలో కాయ ఎప్పుడు పక్వానికి వస్తుందో నాకు తెలియదు. అవన్నీ ఆయనకు తెలుసు. పదిహేడు తోటల రైతులు ఆయన చెబితే కోసేవాళ్లు, ఆయన చెబితే ఆగేవాళ్లు. బ్రోకరు అంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "బ్రోకర్ని గాదు సార్. రెండు పక్కలా తెలిసినోణ్ణి, అంతే" అనేవాడు.

ఆయనకు పాత మోపెడ్ ఒకటి ఉండేది. తోట ఇంకా నూరు గజాలుందనగానే ఇంజను ఆపేసి, దిగి, నెట్టుకుంటూ పోయేవాడు. పెట్రోలు మిగల్చడానికి అనుకున్నాను. ఒకసారి అడిగితే నవ్వాడు. శబ్దం విన్నారంటే రైతులు మనకోసం తయారవుతారట. చొక్కా తగిలించుకుంటారు, కుర్చీ వేస్తారు, కష్టాలను దాచేస్తారు. వాళ్లు ఉన్నది ఉన్నట్టు చూడాలంటే చప్పుడు లేకుండా పోవాలట. పోయాక కాయ మాట ఎత్తేవాడు కాదు. నేరుగా మోటారు దగ్గరకు పోయి గొట్టంలోంచి వచ్చే నీళ్ల కింద చెయ్యి పెట్టి చూసేవాడు. నీళ్లు సన్నబడ్డాయంటే ఆ ఏడు ఆ ఇంట్లో మాటలు ఎట్లా ఉంటాయో ఆయనకు అర్థమయ్యేది.

తియ్యగా మాట్లాడటం ఆయనకు రాదు. ఏ ఇంటికి పోయినా కాఫీకి వంక పెట్టేవాడు. ఒక ఇంట్లో కోడలు తెచ్చిచ్చిన కాఫీ ఒక గుక్క తాగి, "మీ అత్త పోయినంక ఈ ఇంట్లో కాఫీ గూడా పోయిందమ్మా" అన్నాడు. ఆ పిల్ల ఏమాత్రం వెనక్కి తగ్గకుండా, "పోయింది కాఫీ గాదు మామా, నీ నాలిక. ముందు ఆ బీడీ మానుకో" అంది. ఆయన లోటా ఖాళీ చేశాడు. తాగడం ఏ ఇంట్లోనూ మానలేదు.

కాయ ఉన్న రెండు నెలలు అందరం తోటల చుట్టూ తిరిగేవాళ్లం. ఆయన మాత్రం కాయ లేని పది నెలలూ తిరిగేవాడు. దుక్కి దున్నేటప్పుడు పోయి గట్టు మీద కూర్చునేవాడు. పూత రాలిపోయిన ఏడు మరీ ఎక్కువగా పోయేవాడు. కొనడానికి ఏమీ లేనప్పుడు పోతేనే మనం మనిషి కోసం వచ్చామని తెలుస్తుందని ఆయన నమ్మకం. పోయిన ఏడాది తిరుపతిలో కుర్ర వ్యాపారస్తుల సభలో నన్ను మాట్లాడమన్నారు. ఈ మాటే నా మాటగా చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. ఆయన ఊసు ఎత్తలేదు.

ఆయన దగ్గర నేను నేర్చుకున్నానని చెప్పుకోలేను. కాపీ కొట్టాను. కొత్త సంవత్సరానికి రైతులందరికీ మిఠాయి డబ్బాలు, కేలండర్లు పంచాను. ఆయన డబ్బా మూత తీసి చూసి, "బాగుండాది సార్, కార్బైడు పెట్టి మాగేసిన పండు మాదిరి" అన్నాడు. అట్లాంటి పండు పైన పసుపు, లోపల పులుపు. నాకు కోపం వచ్చింది గానీ నవ్వేశాను. ఆ తర్వాత ఒక చిన్న డైరీ పెట్టుకున్నాను. ఏ రైతుకు ఎంతమంది పిల్లలు, ఎవరు ఏం చదువుతున్నారు, ఎవరి అమ్మకు ఏం జబ్బు అన్నీ అందులో రాసి, తోటకు పోయేముందు ఒకసారి తిరగేసేవాడిని.

మునిరత్నం అని ఒక రైతు. పదిహేడు మందిలో పెద్ద తోట ఆయనది. మా పెద్దాయనకు ముప్పై ఏళ్ల స్నేహితుడు. ఇద్దరూ కలిస్తే వేళాకోళాలే. ఒకరోజు ఆ తోటలో, డైరీలో చూసుకున్నదాని ప్రకారం, పాప పదో తరగతి పరీక్షలు ఎట్లా రాసిందని మునిరత్నాన్ని అడిగాను. ఆయన సంబరంగా చాలాసేపు చెప్పాడు. తిరిగి వస్తూ పెద్దాయన మోపెడ్ నెడుతూ అన్నాడు.

"నువ్వు అడిగినావు. ఆయప్ప చెప్పినాడు. చెప్పేటప్పుడు నువ్వు యాడ జూస్తా ఉన్నావు సార్?"

నేను చెట్లవైపు చూస్తున్నాను. కాపు ఎన్ని టన్నులు ఉంటుందో మనసులో అంచనా కడుతున్నాను. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. ఆయనా మళ్లీ అడగలేదు. ఆ పాప పరీక్ష తప్పిందని, తప్పినా తోట పని, ఇంటి పని చూసుకుంటూ పరీక్ష మళ్లీ కడుతోందని, ఆ రోజు మునిరత్నం నాకు గర్వంగా చెప్పింది అదేనని నాకు నెల తర్వాత వేరేవాళ్ల ద్వారా తెలిసింది.

ఇక ఆ సీజను గురించి రాయాలి.

ఆ ఏడు కాపు విరగకాసింది. చెట్టు మీదున్న కాయ ఇంకో వారం ఆగుతుంది. కోసి ట్రాక్టరులో వేసిన కాయ ఎండకు ఆగదు. అందుకే మేము చెప్పాకే రైతులు కోస్తారు. ఆదివారం తెల్లవారే కోత మొదలుపెట్టి సోమవారానికి గేటు దగ్గరకు తోలమని పెద్దాయన ద్వారా పదిహేడు తోటలకూ నేనే చెప్పి పంపాను. శనివారం మధ్యాహ్నం మా మేనేజరు పిలిచి, ట్యాంకులు నిండిపోయాయి, ఒక మిషను ఆగిపోయింది, గురువారం దాకా కాయ తీసుకోబోమన్నాడు.

పెద్దాయన ఊళ్లో అంగట్లో ఫోను ఉండేది. కబురు చెబితే పది నిమిషాల్లో ఆయన వచ్చేవాడు. రిసీవరు ఎత్తాను. నంబరు తిప్పకుండానే పెట్టేశాను.

మరిచిపోయాననో, భయపడ్డాననో రాసుకుంటే నాకు సుఖంగా ఉంటుంది. అది నిజం కాదు. ఆగమని చెబితే కొందరు వేరే ఫ్యాక్టరీల వైపు పోతారు. గురువారం మిషన్లు మొదలయ్యేసరికి నా గేటు ఖాళీగా ఉంటుంది. కోసిన కాయ నా గేటు ముందు నిలబడి ఉంటే అది ఇక ఎక్కడికీ పోలేదు. వేరే గేట్ల దగ్గరా టోకెన్లు, వరసలు; అక్కడ మళ్లీ మొదటినుంచి నిలబడేలోపు కాయ చెడిపోతుంది. ఈ లెక్క వేసుకునే నేను ఫోను పెట్టేశాను. వాళ్లు ఆయనను నమ్మి కోస్తారని, ఆయన నన్ను నమ్మి కోయిస్తాడని నాకు తెలుసు. ఆ నమ్మకాన్నే గేటుకు గొళ్లెంగా వాడాను.

గురువారం అనుకున్నది శనివారమయింది. ట్రాక్టర్లు రోడ్డు పొడవునా ఎండలో నిలబడ్డాయి. రెండోరోజుకే ట్రాలీల కింద రసం కారడం మొదలైంది. ఈగలు, పులిసిన వాసన. రైతులు నన్ను పేరు పెట్టి తిట్టడం నా గదిలోకి వినిపించేది. ఆయనకు అందులో ఒక్క కాయ కూడా లేదు, ఇంటికి పోవచ్చు. పోలేదు. ట్రాలీ నీడలో వాళ్లతోనే కూర్చున్నాడు. మంగళవారం మధ్యాహ్నం నా గదికి వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"కోతకు ముందే నీకు తెలుసునా సార్?"

"సోమవారం పొద్దున తెలిసింది పెద్దాయనా. మాకూ ముందు చెప్పలేదు."

ఆయన నా ముఖంలోకి చూశాడు. "సరే" అన్నాడు. బయటకు పోయి, ట్రాలీ కొక్కెం మీద ఒక కాలు పెట్టి నిలబడి, వాళ్లకేదో చెప్పడం కిటికీలోంచి కనిపించింది. ఆ తర్వాత నా మీద తిట్లు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో నేను భోజనం చేశాను.

సగానికి పైగా కాయ రోడ్డు పక్కన గుంతల్లో పోశారు.

నిజం ఎక్కువ రోజులు దాగలేదు. మా కాటా దగ్గర గుమాస్తా మునిరత్నానికి దూరపు చుట్టం. కాయ తీసుకోరన్న కబురు శనివారమే ఆఫీసుకు వచ్చిందని అతను చెప్పాడు. మునిరత్నం పోయి పెద్దాయనను నిలదీశాడు. సారును ముఖాముఖి అడిగాను, తెలియదన్నాడు అని పెద్దాయన. మీరిద్దరూ కలిసి మమ్మల్ని నిలబెట్టినారని ఆయన. చివరికి మునిరత్నం, కాణిపాకంలో ప్రమాణం చేస్తావా అన్నాడు. మా వైపు ఆ మాట వస్తే ఇక వాదన ఉండదు. ఆ దేవుడి ముందు అబద్ధం చెప్పి బాగుపడినవాడు లేడని చిన్నప్పటినుంచీ విన్నవాళ్లం.

ఆయన మోపెడ్ మీద చిత్తూరుకు వచ్చాడు. ఫ్యాక్టరీ గేటు బయటే నిలబడి నన్ను పిలిపించాడు. శుక్రవారం పొద్దున కాణిపాకం గుడికి రావాలన్నాడు. ఎక్కువ మాటలు అక్కర్లేదు, శనివారం తెలియదని ఒక్కమాట చెబితే చాలన్నాడు. పై ఆఫీసు నుంచి పెద్దవాళ్లు వస్తున్నారు, రాలేనన్నాను. అది కూడా అబద్ధమే. ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"పోనీలే అప్పా. నీ మాట గూడా నేనే చెప్తాలే."

సార్ అనడం మాని అప్పా అన్నది ఆ ఒక్కసారే. ఆ రోజు బుధవారం. నాకు రెండు రోజులు చేతిలో ఉన్నాయి. ప్రమాణం చెయ్యొద్దు పెద్దాయనా అని ఒక్క ఫోను. చెయ్యలేదు.

శుక్రవారం జరిగింది తర్వాత విన్నాను. స్నానం చేసి తడిబట్టలతో నిలబడ్డాడట. తన వరకు చెప్పుకుని ఊరుకుంటే సరిపోయేది. మునిరత్నం అడిగింది కూడా అంతే. ఈయన ఆగలేదు. "నాకు తెలీదు. ఆ సారుకూ తెలీదు. తెలిసుండి చెప్పకుండా ఉంటే ఆ పాపం నాది" అన్నాడట. మునిరత్నం అక్కడే చేతులు పట్టుకున్నాడని, ఇద్దరూ ఒకే మోపెడ్ మీద తిరిగి వచ్చారని చెప్పుకున్నారు.

మరుసటి ఏడు నేను ఆ ఉద్యోగం మానేసి తిరుపతిలో అట్టపెట్టెల వ్యాపారం పెట్టుకున్నాను. ప్రమాణం జరిగిన రెండేళ్లకు ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, నాలుక పడిపోయాయి. అదే నాలుకతో కదా చెప్పింది అన్నారు ఊళ్లో. టీ అంగడి దగ్గర, పది మందిలో, దేవుడే తీర్పు చెప్పినాడని మునిరత్నం అన్నాడు. ఆ రోజునుంచి పెద్దాయన గడప తొక్కలేదు. మునిరత్నాన్ని చూసి మిగతా పదహారు ఇళ్లూ జారుకున్నాయి. ఈ మాటలన్నీ తిరుపతిలో నా చెవిన పడుతూనే ఉన్నాయి. నేను ఏం చేశాను? డ్రైవరు చేత యాపిల్ పండ్ల బుట్ట పంపాను. డ్రైవరు తిరిగి వచ్చి, ముసలాయన మాట తడబడుతోంది సార్, రెండుసార్లు అడిగితే అర్థమయింది, సారు బాగుండాడా అని అడిగినాడు అన్నాడు.

దేవుడు శిక్షించాడని నేను అనుకోను. శిక్షించేవాడైతే దేవుడు చిరునామా తప్పకుండా నా ఇంటికే వచ్చేవాడు.

ఫ్లెక్సీ చూసిన రోజు కారు వెనక్కి తిప్పబోయి ఆగాను. తిప్పితే ఇక ఈ జన్మలో రానని నాకే తెలిసింది. ఆయన ఇంటికి పోయాను. ఆయన భార్య వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నేనెవరో చెప్పాను. అంతా చెప్పాను. శనివారం, ఫోను, మంగళవారం, బుధవారం. ఆమె చేతులు ఆగలేదు. నేను ముగించాక కూడా రెండు మూడు గింజలు తీసింది.

"పండుకోనుండి వాకిలి పక్కే జూసేవాడు సామీ. అందరూ గాదు, మునిరత్నం అన్న ఒక్కడొస్తే చాలనుకున్నాడు" అంది. గింజ పక్కన పడేసి, "ఇది నాకు చెప్పి పోతే నీకు తేలికవతాది. ఆయనకేమవతాది? పొయ్యి ఆ అన్నకి చెప్పు" అంది.

నీళ్లు కూడా అడగకుండా లేచాను.

మునిరత్నం తోటలో కంచెకు ముళ్లకంప సర్దుతున్నాడు. బాగా ముసలివాడయ్యాడు. నన్ను గుర్తుపట్టి, పట్టనట్టే పని చేసుకున్నాడు. నిలబడే చెప్పాను. ఈసారి చెట్లవైపు చూడలేదు. శనివారం మధ్యాహ్నమే నాకు తెలుసు, ఆయనకు తెలియదు, ఆయన అడిగితే అబద్ధం చెప్పాను, ప్రమాణం చేస్తాడని తెలిసి కూడా ఆపలేదు అన్నాను. క్షమించమని అడగలేదు. అడగాల్సింది పెద్దాయనను, ఆయన లేడు.

ముళ్లకంప సర్దుతూనే అడిగాడు.

"ఇన్నేండ్లు యాడ ఉన్నావు?"

"తిరుపతిలోనే."

"రెండు గంటల దారి" అన్నాడు.

కొడవలి కంచెకు తగిలించాడు. మోటారు దగ్గర చేతులు, ముఖం కడుక్కున్నాడు. ఇంట్లోకి పోయి చాలాసేపు రాలేదు. పొమ్మన్నట్టేనేమో అనుకుంటుండగా ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఆయమ్మ ఇంట్లోనే ఉండాదా?"

ఉందన్నాను. కారులో దించుతానన్నాను.

"వొద్దు. నేను నడిచి పోతా. నీకింకా పదహారు ఇండ్లుండాయి."

ఆ పదహారు ఇళ్లకు కూడా ఆయనే చెబుతాడని నేను లోలోపల ఆశపడ్డాను. ఆ ఆశ ఆయనకు కనిపించినట్టుంది. నేను చెప్తే ఎవురు నమ్ముతారు, టీ అంగట్లో ఆ మాటన్నోణ్ణి నేనే గదా, నువ్వే చెప్పాల అన్నాడు. దగ్గర్లో ఉన్న ఇంటినుంచి మొదలుపెడతానన్నాను. తల అడ్డంగా ఊపాడు.

"దగ్గిరుండేదానికి గాదు. ఆయప్పని అందరికన్నా గెట్టిగా తిట్టినోడుండాడు. ముందు ఆడికి పో."

చెయ్యెత్తి దారి చూపించి, తను రెండోవైపు నడవడం మొదలుపెట్టాడు. నేను ఆయన చూపించిన దారిలోకి కారు తిప్పాను.